ఓకు పీపాలో ఊరిన పల్లె బీరు: దాని రుచుల పుట్టుక

బెల్జియము దేశపు దక్షిణ భాగమున, ఫ్రాన్సు సరిహద్దు నానుకొని ఎనో అను రాష్ట్రము కలదు. పొలములతో నిండిన సీమ అది. అక్కడి రైతులు పూర్వము చలికాలమున పొలము పనులు లేనప్పుడు తమ ఇండ్లయందే యవలతో బీరు కాచి, పీపాలలో నింపి దాచి, వేసవిలో పనికి వచ్చు కూలీలకు ఇచ్చెడివారని చెప్పుదురు. ఋతువు అను అర్థము గల ఫ్రెంచి మాటనుబట్టి ఆ బీరునకు సెజోన్ అని పేరు వచ్చినది. చలికాలముననే కాచుటకు కారణము తీరిక ఒక్కటియే కాదు. యంత్రములతో చల్లబరచు పద్ధతి 19వ శతాబ్దపు చివరి భాగమునగాని వ్యాప్తికి రాలేదు. అంతకు ముందు ఎండకాలమున కాచిన బీరు త్వరగా చెడిపోయెడిది.

ఈ జాతి బీరును నేడు కొందరు, ద్రాక్షసారా నిలువయుంచి ఖాళీచేసిన ఓకు పీపాలలో పోసి, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేండ్లవరకు ఊరబెట్టుచున్నారు. బెల్జియమునందేగాక అమెరికాలోను ఇట్టివారు కలరు. దానిని రుచి చూచుటలో ఆరితేరినవారు వ్రాసికొను మాటలు చదివినచో ఆశ్చర్యము కలుగును. నిమ్మవంటి పులుపు, లవంగము, వెనిల్లా, కొబ్బరి, అనాసపండు, కొత్త తోలు, గుర్రపుసాల, చివరకు నాలుకపై వగరు! ఆ బీరులో వేసినవి నాలుగే: నీరు, మొలకెత్తించి ఎండబెట్టిన యవలు, చేదుకొరకు హాప్ అను తీగ పువ్వులు, పులియుటకు ఈస్టు. నిమ్మకాయ వేయలేదు, లవంగము వేయలేదు, కొబ్బరి అసలే లేదు. మరి ఇవన్నియు ఎక్కడివి? కవుల వర్ణనలా? కావు. వీనిలో దాదాపు ప్రతిదానికి ఒక అణువు పేరు చెప్పవచ్చును. ఆ అణువును ఎవరు చేసిరో కూడ చెప్పవచ్చును. మద్యము త్రాగుమని ప్రోత్సహించుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, శరీరధర్మశాస్త్రము ఒకే గ్లాసులో కలిసి కనబడు సందర్భములు అరుదు గనుక వ్రాయుచున్నాను.

ముందుగా రుచి అనగా ఏమో తేల్చుకొనవలెను. విద్యార్థులు ఇంటియందే చేయదగిన ప్రయోగ మొకటి కలదు. కన్నులు మూసికొని, ముక్కు గట్టిగా పట్టుకొని, మరియొకరు నోటిలో వేసిన ఏలకి గింజలను నమలవలెను. కొంచెము చేదు, కొంచెము చల్లదనము తప్ప మరేమియు తెలియదు. ముక్కు విడిచిన మరుక్షణమున ఏలకి నోరంతయు నిండినట్లగును. నిజమునకు అది నిండినది నోటిని కాదు. నమలినపుడు లేచిన ఆవిరులు గొంతు వెనుక దారిగుండ ముక్కులోనికి ఎక్కినవి. నాలుక తనంత తానుగా గుర్తించునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీనితోపాటు 1908లో జపాను రసాయన శాస్త్రజ్ఞుడు ఇకెడా గుర్తించిన ఉమామి. ముక్కునందు వాసనలను పట్టు గ్రాహకములు సుమారు 400 రకములు కలవు. ఈ గ్రాహకముల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ కనిపెట్టిరి. అందుకు వారికి 2004లో నోబెల్ బహుమానము లభించెను. కనుక పై పట్టికలో నాలుకకు చెందినది పులుపు ఒక్కటియే. వగరు సంగతి వేరు. అది తరువాత చెప్పెదను. మిగిలినవన్నియు ముక్కు పనియే.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మనవి. నాలుక కొనయందు తీపి, ప్రక్కల పులుపు, మొదట చేదు అని చూపు పటము చాలకాలము పాఠ్యపుస్తకములలో ఉండెడిది. 1901లో జర్మనీ దేశస్థుడు హేనిగ్ చేసిన కొలతలను తరువాతివారు తప్పుగా అర్థము చేసికొనుటవలన పుట్టినది ఆ పటము. రుచి మొగ్గలున్న ప్రతిచోటను అన్ని రుచులు తెలియును. ఇంకను ఎక్కడనైన గోడపై ఆ పటము వ్రేలాడుచున్నచో తీసివేయుట మేలు.

ఇక పులుపు. ఇది మనకు పరాయిది కాదు. పాలను పెరుగుగా మార్చు జీవుల బంధువులే ఇక్కడను పనిచేయును. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అను బాక్టీరియాలు చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లము విడుచును. పాలు పులియుట ఒక జీవి చేయు పని యని 1857లో లూయీ పాశ్చరు చూపెను. హాప్ పువ్వులలోని చేదు పదార్థములు ఈ బాక్టీరియాలలో చాలవాటిని అణచివేయును. సాధారణపు బీరు పులియకుండుటకు అదియొక కారణము. హాప్ తక్కువ వేసి, కాలము ఎక్కువ ఇచ్చినచో పులుపునకు దారి తెరచినట్లే. సాధారణపు బీరు పి.హెచ్. 4.2 నుండి 4.5 వరకు ఉండగా, పీపాలో ఊరి పులిసినది 3.4 దరిదాపులకు దిగవచ్చును. ఒక అంకెయే గదా అని చులకన చేయరాదు. ఈ కొలత లాగరిథము పద్ధతిని కట్టినది. 4.4 నుండి 3.4కు దిగినచో హైడ్రోజను అయానుల గాఢత పదిరెట్లు పెరిగినదన్నమాట. ఆ అయానులు రుచికణములోనికి దూరు ద్వారము ఏదో చాలకాలము తెలియలేదు. ఓటాప్-1 అను ప్రోటీనే ఆ ద్వారమని 2018, 2019 సంవత్సరముల పరిశోధనలలో తేలినది.

లవంగపు వాసన యవల పొట్టునుండి బయలుదేరును. గింజల కణకుడ్యములలో ఫెరులిక్ ఆమ్లము కలదు. దానికి చెప్పుకోదగిన వాసన లేదు. సెజోన్ కాచుటకు వాడు ఈస్టులు ఆ ఆమ్లమునుండి ఒక బొగ్గుపులుసు వాయువు అణువును ఊడబెరికి, వినైల్ గ్వాయకోల్ అను పదార్థముగా మార్చును. లవంగములోని యూజెనాల్ అణువు ప్రక్కన దీనిని గీసి చూడుడు: వలయము అదియే, దానిపై తగిలించిన గుంపులును అవియే, ఒక ప్రక్కనున్న తోక మాత్రము ఒక కార్బను పొట్టిది. ముక్కు ఈ రెండింటిని ఒక్క కుటుంబముగా చూచుటలో వింతలేదు. ఈ ఈస్టులలో కొన్నింటికి మరియొక గుణము కలదు. ఇతర ఈస్టులు తినజాలని పెద్ద చక్కెర గొలుసులను కూడ అవి ఎంజైములతో తునిమి తినివేయును. అందుచే తయారైన బీరులో తీపి దాదాపు మిగులదు. ఎండలో పనిచేయువానికి దాహము తీర్చునది తీపిపాకము కాదు గదా!

ఇక గుర్రపుసాల. ఈ కథకు కొంచెము చరిత్ర అవసరము. పాశ్చరు 1876లో బీరును గురించి ఒక గ్రంథము ప్రకటించి, బీరు చెడిపోవుటను ఒక వ్యాధిగా భావించి, దానికి కారణము పరాయి సూక్ష్మజీవులని చెప్పెను. 1883లో డెన్మార్కునందలి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక ఈస్టు కణమును వేరుచేసి, దాని సంతతిని మాత్రమే పెంచి, శుద్ధమైన ఈస్టును తయారుచేసెను. కార్ల్స్‌బర్గ్ అధిపతి యాకబ్సెన్ దానిని ఇతరులకు దాచక పంచిపెట్టెను. ఐరోపాలోని పెద్ద కాపుశాలలన్నియు క్రమముగా ఈ మార్గము పట్టినవి. తక్కిన ఈస్టులన్నియు "అడవి ఈస్టు"లను పేరుతో శత్రువులైనవి.

కాని 1904లో అదే కార్ల్స్‌బర్గ్ సంస్థకు చెందిన హెల్టె క్లౌసెన్ లండనులో చదివిన వ్యాసమున వేరొక సంగతి చెప్పెను. ఇంగ్లండులో చాలకాలము పీపాలలో నిలువయుంచు బీరులకు ఒక ప్రత్యేకమైన గుణము కలదనియు, అది హాన్సెన్ శుద్ధ ఈస్టుతో మాత్రమే రాదనియు, తరువాత నెమ్మదిగా పనిచేయు మరియొక ఈస్టువలన కలుగుననియు ఆయన తేల్చెను. ఆ ఈస్టునకు బ్రెటానోమైసిస్ అని పేరుపెట్టెను. బ్రిటనుకు చెందిన శిలీంధ్రము అని దాని అర్థము. శుద్ధత ఎక్కడ పుట్టినదో అక్కడినుండియే దానికి మినహాయింపు కూడ వచ్చుట శాస్త్రచరిత్రలో నాకు నచ్చిన ఘట్టములలో ఒకటి.

బ్రెటానోమైసిస్ తొందరలేని జీవి. మొదటి ఈస్టు పదిపదిహేను దినములలో తన పని ముగించి అడుగునకు చేరగా, ఇది మిగిలిన చక్కెర గొలుసులను కొరుకుచు నెలలు గడుపును. ముందు చెప్పిన వినైల్ గ్వాయకోల్‌కు రెండు హైడ్రోజనులు చేర్చి ఇథైల్ గ్వాయకోల్‌గా మార్చును. మరియొక ఆమ్లమునుండి ఇదే రీతిగా ఇథైల్ ఫినాల్ పుట్టును. తోలు, గుర్రపుసాల, పొగ అని రుచిచూచువారు చెప్పునవి ఈ రెండే. లీటరులో ఒక మిల్లీగ్రాము లోపున్నను ముక్కు పట్టుకొనగలదు. అనాసపండు వాసన కూడ ఈ జీవిదే: ఆమ్లములను ఆల్కహాలుతో కూర్చి పండ్ల వాసనగల ఎస్టరులను అది తయారుచేయును.

ఇందులో చిక్కొకటి కలదు. ఎర్ర ద్రాక్షసారా తయారుచేయువారికి ఇదే ఈస్టు, ఇవే అణువులు, ఒక తెగులు. ఒకసారి పీపాకు పట్టినచో వదలించుట మిక్కిలి కష్టము. ఆ పీపాను వారు వదలించుకొనజూతురు. పల్లె బీరు చేయువాడు కావలెనని కొనును. ఒకరికి దోషమైనది మరియొకరికి గుణమెట్లయ్యెను? అలవాటు ఒక కారణము. రెండవది మోతాదు: కొంచెముండగా తోలు, ఎక్కువైనచో పెంటకుప్ప. మూడవది సహవాసము. ద్రాక్షసారాలో అది పండు వాసనను కప్పివేయును. పులుపు, లవంగము ఉన్నచోట అది వానితో కలిసిపోవును. దీనికి తోడు మరియొక ఉపకారము కూడ చేయును. పీడియోకాకస్ బాక్టీరియా కొన్ని వారములపాటు బీరును జిగటగా, సాగునట్లు చేసి, డైఎసిటైల్ అను వెన్నవాసన గల పదార్థమును విడుచుట కలదు. చూచినవాడు పారబోయవలెననియే తలచును. ఓపికపట్టినచో బ్రెటానోమైసిస్ ఆ జిగటను, వెన్నవాసనను తినివేసి బీరును మరల పలుచగా చేయును.

కొయ్య విషయమునకు వత్తము. ఓకును మన నిఘంటువులు సింధూరవృక్షమని వ్రాయుచున్నవి. పీపాలకు ముఖ్యముగా తెల్ల ఓకు జాతులనే వాడుదురు. చెట్టులో నీరు ప్రాకు గొట్టములు ముదిరిన కొయ్యలో ఉబ్బిన కణపు పొరలతో పూడుకొనిపోవును. అందుచే ద్రవము కారదు. ఎర్ర ఓకులో ఈ పూడిక సరిగా ఉండదు. చీల్చిన పలకలను రెండు మూడేండ్లు ఎండలో వానలో ఆరవైచి, పీపాగా కూర్చునప్పుడు లోపల చిన్న మంటపెట్టి వంచుదురు. ఆ మంట వంచుటకే కాదు. కొయ్యకు గట్టిదనమునిచ్చు లిగ్నిన్ వేడికి చిట్లి వెనిల్లిన్ అగును. వెనిల్లా కాయలోనున్న వెనిల్లిన్ ఏదో ఇది అదియే. పోలిక కాదు, అదే అణువు. ఓకులో సహజముగా ఉండు ఒక లాక్టోను కొబ్బరి వాసననిచ్చును. కొబ్బరిలోని లాక్టోనులకు అది దగ్గరి చుట్టము. అమెరికా ఓకులో ఇది ఎక్కువ, ఫ్రెంచి ఓకులో తక్కువ.

ఇక వగరు. మన భాషలో షడ్రుచులలో దీనికి స్థానమున్నది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేయుట దీనికొరకే. కాని శరీరధర్మశాస్త్రము దీనిని రుచులలో చేర్చదు. టానినులను పదార్థములు లాలాజలములోని ప్రోటీనులను పట్టి ముద్దచేయుటచే నోరు జారుడుతనమును కోల్పోవును. ఆ బిగుతే వగరు. ఎక్కువ భాగము అది స్పర్శ. కారము కూడ ఇట్లే నాలుక రుచి కాక, నొప్పి, వేడి తెలుపు నాడుల పని. ఓకులోని టానినులు మన కరక్కాయలోని టానినుల తెగకు చెందినవి. తోలు పదును చేయుటకు అక్కడ ఓకు పట్టను, ఇక్కడ కరక్కాయను వాడుటలోని రహస్య మిదియే. తోలులోని ప్రోటీనును పట్టినట్లే లాలాజలములోని ప్రోటీనును పట్టుచున్నది. పీపాలో నాలుగైదుసార్లు నింపి తీసిన పిమ్మట టానిను, వెనిల్లిన్, కొబ్బరి వాసన చాలవరకు కరగిపోవును. అయినను పల్లె బీరు చేయువాడు అట్టి ముసలి పీపానే తరచు కోరుకొనును. ఎందుచేత?

పీపా పలకల సందులలో, కొయ్య రంధ్రములలో, కొన్ని మిల్లీమీటర్ల లోతువరకు ఈస్టులు, బాక్టీరియాలు కాపురముండును. వేడినీటితో కడిగినను అన్నియు పోవు. కాల్చిన కొయ్యలో దొరకు సెల్లోబయోస్ అను చక్కెరను తిని బ్రెటానోమైసిస్ తెగలు కొన్ని బ్రతుకగలవు. కొత్తగా పోసిన బీరునకు విత్తనము పీపాయే వేయును. తాడిచెట్టునకు కట్టు కల్లుకుండ సంగతి తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. నిన్నటి కల్లు మడ్డి అంటియున్న కుండలో పడిన తీపినీరు ప్రొద్దెక్కకముందే పొంగును. అది పులియక నీరాగా నిలువవలెనన్నచో కుండ లోపల సున్నము పూయుదురు. కుండకు సున్నము ఏమి చేయునో, బీరునకు ఉక్కు తొట్టి అదే చేయును: లోపలి కాపురములను తొలగించును.

కొయ్యకు, ఉక్కునకు రెండవ భేదము గాలి. ఓకు కారదు గాని, కొయ్యగుండను పలకల సందులగుండను ప్రాణవాయువు కొద్దికొద్దిగా చొచ్చును. గాలి తగిలినచోట బీరు పైని మీగడవంటి పొర కట్టును. మితముగా నున్నంతవరకు ఇది మంచిదే. మితిమీరినచో ఎసిటోబాక్టర్ అను బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా, అనగా వినిగరుగా మార్చును. ఆ ఆమ్లము ఆల్కహాలుతో కూడి ఇథైల్ ఎసిటేట్ అగును. గోళ్ళ రంగు సీసా మూత తీసినపుడు ముక్కునకు కొట్టు వాసన అది. పీపా పరిమాణమునకు దీనికి సంబంధము కలదు. 225 లీటర్ల పీపా కొలతలన్నియు రెట్టింపు చేసినచో 1,800 లీటర్లు పట్టును. ఘనపరిమాణము 8 రెట్లయినది, కొయ్య వైశాల్యము 4 రెట్లే. ఒక్కొక్క లీటరునకు తగులు కొయ్య సగమైనది. గాలియు ఇంచుమించు ఆ ప్రకారమే తగ్గును. చిన్న పీపా త్వరగా పండును, త్వరగా చెడును.

ఈ లెక్కతో గ్లాసు నొద్దకు వచ్చినచో రుచిచూచువారి పద్ధతికి అర్థము తెలియును. వారు దీనిని మంచుగడ్డవలె చల్లబరచరు. 10 నుండి 12 డిగ్రీల సెంటిగ్రేడులో ఉంచుదురు. చల్లదనము ఎక్కువైనకొలది ఆవిరులు తక్కువ లేచును, ముక్కునకు పని యుండదు. లోపల వెడల్పై మూతి సన్నగిల్లిన గ్లాసు ఆ ఆవిరులను కొంతసేపు పట్టియుంచును. మొదట త్రాగక వాసన మాత్రమే చూతురు. గుర్రపుసాల, అనాస అప్పుడే తెలియును. తరువాత ఒక గుక్క నోటనుంచగా పులుపు ముందుగా తగులును. బుడగల గిలిగింత కేవలము బుడగల పగులుట కాదు. నోటిలోని ఒక ఎంజైము బొగ్గుపులుసు వాయువును ఆమ్లముగా మార్చుటచే కలుగునది. మ్రింగిన పిమ్మట ఊపిరి ముక్కుగుండ విడుతురు. వెనిల్లా, కొబ్బరి, లవంగము ఆ వెనుకదారిన వచ్చును. అన్నిటికన్న చివర వగరు. లాలాజలము ముద్దకట్టుటకు క్షణములు పట్టును గనుక అది ఆలస్యము.

కాపుశాలలో ఈ పని ఇంకను ముందే, పీపా వద్దనే జరుగును. మూత తెరచినచో గాలి చొరబడును గనుక, పీపా ముఖపు పలకకు చిన్న బెజ్జము వేసి తుప్పుపట్టని మేకు బిగించి యుంచుదురు. మేకు లాగి, సన్నని ధారగా ఒక గుక్కెడు పట్టి, మరల బిగింతురు. ఒకేనాడు, ఒకే కాపునుండి నింపిన పది పీపాలు ఏడాది తరువాత పది రకములుగా ఉండుట మామూలే. మిక్కిలి పులిసినదానిని చప్పగానున్న దానితో కలిపి సరిచూతురు. తోలువాసన హెచ్చినదానిని కొత్త బీరుతో పలుచన చేయుదురు. జిగటపట్టిన దానిని మరికొన్ని నెలలు వదలివేయుదురు. ఇథైల్ ఎసిటేట్ వాసన ముక్కునకు కొట్టు పీపాను మాత్రము దేనిలోను కలుపరు. ఏ జీవియు దానిని మరల వెనుకకు త్రిప్పి చక్కబెట్టదు. ఆ బీరును కాలువలో పోసి, పీపాను వేరుగా పెట్టుదురు.